ఎక్కువగానా, మేలుగానా?
ఇంగ్లీషు, అరబీ, తెలుగు భాషలలో క్రియల తారతమ్యం

ఒక పని జరిగిందని చెప్పటం ఒక ఎత్తు. అది ఎలా జరిగిందో చెప్పటం మరొక ఎత్తు. ఇద్దరు నమాజు చేశారు. ఒకరు నెమ్మదిగా చేశారు, ఇంకొకరు తొందరగా చేశారు. పని ఒక్కటే అయినా తీరు వేరు. ఈ తీరును తెలిపే మాటను తెలుగులో క్రియావిశేషణం అంటాము. ఇంగ్లీషులో దీని పేరు యాడ్వర్బ్. ఇద్దరి తీరులను పోల్చవలసి వచ్చినప్పుడు గాని, అందరిలోనుంచి ఒకరి తీరును ఎంచి చూపవలసి వచ్చినప్పుడు గాని తారతమ్యం ప్రసక్తి వస్తుంది. ఇంగ్లీషు వ్యాకరణం ఇందులో మూడు మెట్లు చూపుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పటం పాజిటివ్, ఇద్దరిని పోల్చి చెప్పటం కంపారటివ్, అందరిలో ఎంచి చెప్పటం సూపర్లేటివ్.

ఇది బడిపిల్లల పాఠమే కదా అని తోచవచ్చు. కాని ఖుర్ఆన్‌ను, హదీసును ఒక భాషలోనుంచి మరొక భాషలోకి తెచ్చేవారికి అడుగడుగునా ఎదురయ్యే చిక్కు ఇదే. మెట్టు తప్పితే మాట మిగులుతుంది, భావం జారిపోతుంది.

నాలుగు భాషల నడుమ విద్యార్థి

కడప జిల్లాలోని పెండ్లిమర్రి, వేంపల్లె, పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాలలో చాలా ముస్లిం ఇళ్లలో పిల్లవాడు తల్లితో దక్కనీ ఉర్దూ మాట్లాడుతాడు. అంగడిలోను, పొలంలోను తెలుగు మాట్లాడుతాడు. మక్తబులో అరబీ చదువుతాడు. బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటాడు. ఈ నాలుగు భాషలు తారతమ్యాన్ని చెప్పే పద్ధతులు నాలుగు రకాలు.

ఇటువంటి పిల్లవాడు ఇంగ్లీషు పరీక్షలో 'మోర్ ఫాస్టర్' అని రాస్తే ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో కొట్టివేస్తాడు. అతడు అలా ఎందుకు రాశాడో మాత్రం చెప్పడు. ఉర్దూలో 'జ్యాదా తేజ్' అంటారు, తెలుగులో 'ఇంకా వేగంగా' అంటారు. రెండింటిలోను ఎక్కువ అనే అర్థానికి విడిగా ఒక మాట ముందు వస్తుంది. ఆ అలవాటుతో పిల్లవాడు 'మోర్' చేర్చాడు. బడిలో నేర్పిన 'అర్' అనే ప్రత్యయాన్ని కూడా వదలలేదు. కనుక ఒకే పని రెండుసార్లు జరిగింది. కారణం తెలిస్తే తప్పు దిద్దుకోవటం సులభం.

భాషలను పక్కపక్కన పెట్టి చూడటం కడపకు కొత్త కాదు. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ తెలుగు నేర్చుకొని 1840లో ఇంగ్లీషువారికోసం తెలుగు వ్యాకరణం వెలువరించాడు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు 1854లో వేరుగా ఒక నిఘంటువు ప్రకటించాడు. ఒక భాష అలవాట్లను గుర్తెరిగి మరొక భాషను నేర్చుకోవాలన్నదే అటువంటి కృషికి మూలసూత్రం. ఈనాడు అదే దారిలో ఎదురు దిక్కునుంచి నడుస్తున్నవాడు మన విద్యార్థి.

ఇంగ్లీషు పద్ధతి

ఇంగ్లీషు క్రియావిశేషణాలను తారతమ్యం దృష్టితో మూడు గుంపులు చేయవచ్చు.

మొదటి గుంపు చిన్న మాటలది. ఫాస్ట్, హార్డ్, సూన్, లేట్, ఎర్లీ, నియర్, హై, లాంగ్ వంటివి ఇందులో చేరుతాయి. వీటి చివర 'అర్', 'ఎస్ట్' చేరుతాయి. ఫాస్ట్, ఫాస్టర్, ఫాస్టెస్ట్. ఎర్లీ, ఎర్లియర్, ఎర్లియెస్ట్.

రెండవ గుంపు 'లీ' చేరి ఏర్పడిన మాటలది. స్లోలీ, కేర్‌ఫుల్లీ, క్లియర్లీ, రెగ్యులర్లీ అనేవి ఇటువంటివి. సాధారణంగా వీటికి ముందు 'మోర్', 'మోస్ట్' వస్తాయి. మోర్ కేర్‌ఫుల్లీ, మోస్ట్ కేర్‌ఫుల్లీ. 'ఎర్లీ' చివర కూడా 'లీ' వినిపిస్తుంది గాని అది మొదటి గుంపులోనిదే.

మూడవ గుంపు ఏ సూత్రానికీ లొంగనిది. వెల్, బెటర్, బెస్ట్. బ్యాడ్లీ, వర్స్, వరస్ట్. మచ్, మోర్, మోస్ట్. లిటిల్, లెస్, లీస్ట్. ఫార్, ఫార్దర్, ఫార్దెస్ట్. వీటిని కంఠస్థం చేయటమే మార్గం. ఈ గుంపులో ఒక విశేషముంది. 'గుడ్' అనేది వస్తువు గుణాన్ని, 'వెల్' అనేది పని తీరును చెబుతుంది. మన 'మంచి', 'బాగా' అనే మాటలకు ఉన్న తేడాయే ఇది. కాని పై మెట్లకు వెళ్లేసరికి రెండూ కలిసిపోతాయి. మంచి పుస్తకానికీ బెటరే, బాగా చదవటానికీ బెటరే. ఇక్కడ మాటను చూసి కాక, అది దేనిని వర్ణిస్తున్నదో చూసి అర్థం చేసుకోవాలి.

జాగ్రత్త పడవలసిన మరొక చోటు ఉంది. 'హార్డ్' అంటే కష్టపడి, 'హార్డ్లీ' అంటే దాదాపు లేదన్నట్టు. 'హి వర్క్స్ హార్డ్' అంటే అతడు కష్టపడి పని చేస్తాడు. 'హి హార్డ్లీ వర్క్స్' అంటే అతడు పని చేయటం అంతంత మాత్రమే. 'లేట్' అంటే ఆలస్యంగా, 'లేట్లీ' అంటే ఈ మధ్య. 'లీ' చేర్చితే చాలు క్రియావిశేషణం అవుతుందనుకొని వీటిని మార్చితే అర్థమే తలక్రిందులవుతుంది.

ఇద్దరూ సమానమైతే 'యాజ్ ఫాస్ట్ యాజ్' అంటారు. తెలుగులో 'అంత వేగంగా' అనటం ఇటువంటిదే. పోల్చేటప్పుడు 'దాన్' అనే మాట వస్తుంది. ఇది తెలుగులో 'కంటె', ఉర్దూలో 'సే', అరబీలో 'మిన్'.

తెలుగు పద్ధతి

తెలుగు మాటకు స్వతహాగా పై మెట్లు లేవు. 'వేగంగా' అనే మాట ఇద్దరిని పోల్చినా, పదిమందిలో ఎంచినా మారదు. తారతమ్యాన్ని విభక్తి మోస్తుంది. బడిలో చదివిన విభక్తులను జ్ఞాపకం చేసుకుంటే విషయం తేటపడుతుంది. 'వలన, కంటె, పట్టి' పంచమి. 'కి, కు, యొక్క, లో, లోపల' షష్ఠి. 'అన్న కంటె తమ్ముడు వేగంగా నడుస్తాడు' అంటే పంచమితో కంపారటివ్ వచ్చింది. 'అన్నదమ్ములందరిలో చిన్నవాడు వేగంగా నడుస్తాడు' అంటే షష్ఠితో సూపర్లేటివ్ వచ్చింది. కనుక తెలుగు విద్యార్థి తన వాక్యంలో 'కంటె' ఉన్నదా, 'లో' ఉన్నదా అని చూసుకుంటే ఇంగ్లీషులో ఏ మెట్టు వాడాలో చాలావరకు తెలుస్తుంది. 'అందరికంటె', 'అన్నిటికంటె' అన్నచోట పంచమి ఉన్నా అర్థం సూపర్లేటివే. ఈ ఒక్క మినహాయింపు గుర్తుంచుకుంటే చాలు.

సంస్కృతంనుంచి తెలుగులోకి వచ్చిన 'తారతమ్యం' అనే మాటలోనే రెండు మెట్లూ దాగి ఉన్నాయి. సంస్కృతంలో 'తర' పోల్చటానికి, 'తమ' ఎంచటానికి వచ్చే ప్రత్యయాలు. ఈ 'తర'కు ఫారసీలో చుట్టం 'తర్'. ఇది ఉర్దూలోకి వచ్చి బెహ్తర్, బెహ్తరీన్, బద్తర్, బద్తరీన్ అనే మాటలైంది. 'ఉత్తమ' అనేది పుట్టుకచేత సూపర్లేటివ్ మాట. కాని తెలుగువారు దానిని 'మంచి' అనే అర్థంలో వాడి వాడి 'అత్యుత్తమ', 'అన్నిటికంటె ఉత్తమ' అని మరొక మెట్టు తగిలించవలసి వచ్చింది. అనువాదకుడు 'ఉత్తమంగా' అని రాసినప్పుడు పాఠకునికి 'బాగా' అని మాత్రమే వినిపించే ప్రమాదం ఇందువల్లనే ఉంది.

అరబీ పద్ధతి

అరబీలో తారతమ్యానికి ఒక అచ్చు ఉంది. దానిని ఇస్మె తఫ్జీల్ అంటారు. 'అఫ్‌అల్' అనే ఆ అచ్చులో పోసిన మాటలు ముస్లింల ఇళ్లలో పేర్లుగానే వినిపిస్తాయి. అక్బర్, అస్గర్, అఫ్జల్, అక్రమ్, అమ్జద్, అష్రఫ్ అన్నీ ఇటువంటివే. స్త్రీలింగంలో దీని అచ్చు 'ఫుఅలా'. కుబ్రా, సుగ్రా అనే పేర్లు ఆ కోవలోనివి. అస్మాఉల్ హుస్నాలోని 'హుస్నా' కూడా 'అహ్‌సన్'కు స్త్రీలింగ రూపమే. మస్జిదె అఖ్సాలోని 'అఖ్సా' అంటే మిక్కిలి దూరాన ఉన్నది.

ఇంగ్లీషులో రెండు మెట్లకు రెండు రూపాలున్నాయి. అరబీలో రెండింటికీ ఒకే రూపం. ఏది ఏ మెట్టో పరిసరాలనుబట్టి తెలుసుకోవాలి. తరువాత 'మిన్' వస్తే కంపారటివ్. ముందు 'అల్' చేరినా, తరువాత ఒక సమూహాన్ని తెలిపే మాటతో ఇజాఫత్ కుదిరినా సాధారణంగా సూపర్లేటివ్. 'ఖైర్', 'షర్ర్' అనే మాటలు ఈ అచ్చులో లేకపోయినా తారతమ్యాన్నే చెబుతాయి. ఇంగ్లీషు బెటర్, వర్స్ ఎలా దారి తప్పాయో ఇవీ అంతే. అల్ ఖద్ర్ సూరా 3వ ఆయతులో ఒక రాత్రిని వెయ్యి నెలలతో పోల్చినచోట 'ఖైర్' తరువాత 'మిన్' ఉంది. కనుక అక్కడ 'మేలైనది' అనే కంపారటివ్ అర్థం నిశ్చయమవుతుంది.

ఇంగ్లీషులోని 'మోర్' వంటి ఏర్పాటు కూడా అరబీలో ఉంది. రంగులను తెలిపే మాటలు, మూడక్షరాల ధాతువును మించిన క్రియలు 'అఫ్‌అల్' అచ్చులో ఇమడవు. అప్పుడు 'అషద్ద్' అనో, 'అక్సర్' అనో ముందు చెప్పి, తరువాత మస్దర్‌ను తమ్‌యీజ్‌గా నిలబెడతారు. మద్రసాలో 'నహ్వ్ మీర్', 'హిదాయతున్నహ్వ్' చదివిన విద్యార్థికి ఇది తెలిసిన విషయమే. ఇంగ్లీషులో కొన్ని మాటలకు 'అర్', కొన్నిటికి 'మోర్' ఎందుకని అతడు తికమకపడనవసరం లేదు. అటువంటి విభజనను అతడు అరబీలో ముందే దాటివచ్చాడు. ఇంగ్లీషులో మాట పొడవును చూస్తారు, అరబీలో ధాతువును, అర్థాన్ని చూస్తారు. తేడా ఇంతే.

ఇంగ్లీషు యాడ్వర్బ్ చేసే పనిని అరబీలో ఎక్కువగా ఈ తమ్‌యీజే చేస్తుంది. 'ఆచరణ విషయంలో మేలైనవాడు' అని అరబీ అంటే, 'మేలుగా ఆచరించేవాడు' అని తెలుగు, ఇంగ్లీషు చెప్పగలవు.

అనువాదకులు వేరుపడిన చోట్లు

'మిన్' గాని, 'అల్' గాని, ఇజాఫత్ గాని లేకుండా అఫ్‌అల్ రూపం ఒంటరిగా నిలిచినచోట అసలైన పరీక్ష వస్తుంది. ఇందుకు మంచి ఉదాహరణ అల్ అన్‌కబూత్ సూరా 45వ ఆయతు. అందులో అల్లాహ్ స్మరణ గురించి చెబుతూ 'అక్బర్' అనే మాట ఒంటరిగా వచ్చింది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వ కొలువులో ఉండి, 1930లో ఖుర్ఆన్ ఇంగ్లీషు అనువాదం ప్రకటించిన మార్మడ్యూక్ పిక్తాల్ దీనిని కంపారటివ్‌గా తీసుకున్నారు. 1934లో తన అనువాదాన్ని వెలువరించటం ఆరంభించిన అబ్దుల్లా యూసుఫ్ అలీ సూపర్లేటివ్‌గా తీసుకున్నారు. అన్‌నహ్ల్ సూరా 125వ ఆయతులో వాదన ఎలా సాగాలో చెప్పే 'అహ్‌సన్' విషయంలోను అంతే. పిక్తాల్ 'బెటర్' అన్నారు, యూసుఫ్ అలీ 'బెస్ట్' అన్నారు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టటానికి వీలులేదు. అరబీ మాట రెండు అర్థాలకూ చోటిచ్చింది. ఇంగ్లీషు మాత్రం ఏదో ఒకటి తేల్చుకొమ్మన్నది.

తక్బీరులోని 'అక్బర్' కూడా ఒంటరి మాటే. దాని విషయంలో అరబీ వ్యాకర్తలలో ఒకటికంటె ఎక్కువ అభిప్రాయాలున్నాయి. ఇక్కడ 'అక్బర్' అంటే 'కబీర్' అనే అర్థమేనని, అనగా గొప్పవాడని కొందరన్నారు. 'ప్రతి వస్తువుకంటె' అనే మాట లోపించిందని మరికొందరన్నారు. రెండవ అభిప్రాయం ప్రకారం చూస్తే, దేనికంటె అన్నది చెప్పకపోవటంవల్లనే ఆ మాటకు హద్దు లేకుండా పోయింది. వినేవాని మనస్సులో ఆ క్షణాన ఏది పెద్దదిగా కనబడుతున్నదో, దానికంటె అల్లాహ్ గొప్పవాడని అర్థం. తెలుగులో 'అల్లాహ్ గొప్పవాడు' అని మాత్రమే రాస్తే ఈ రెండవ అర్థానికి చోటుండదు. 'అల్లాహ్ అందరికంటె, అన్నిటికంటె గొప్పవాడు' అంటే ఆ అర్థం నిలుస్తుంది గాని అరబీలోని క్లుప్తత పోతుంది. తెలుగు అనువాదకుడు ఏది పోగొట్టుకుంటున్నాడో తెలిసి ఎంచుకోవాలి.

ఎక్కువా, మేలా?

అల్ ముల్క్ సూరా 2వ ఆయతు ప్రకారం మరణాన్ని, జీవితాన్ని సృష్టించటం ఒక పరీక్షకోసం. మీలో ఎవరి ఆచరణ మేలైనదన్నదే ఆ పరీక్ష. ఇక్కడ 'అహ్‌సన్' అనే మాట, తరువాత తమ్‌యీజుగా 'అమల్' ఉన్నాయి. 'మీలో ఎవరు' అని సమూహంలోనుంచి ఎంచటం ఉన్నది కనుక పిక్తాల్, యూసుఫ్ అలీ ఇద్దరూ ఈ చోట సూపర్లేటివే వాడారు. హూద్ సూరా 7వ ఆయతులోను ఇదే భావం వచ్చింది.

ఈ సందర్భంలో ఇబ్నె కసీర్ (మరణం 1373) తన తఫ్సీరులో ఒక విషయం చూపారు. ఖుర్ఆన్ ఇక్కడ 'అహ్‌సన్' అన్నది, 'అక్సర్' అనలేదు. అనగా ఎవరు మేలుగా చేశారన్నదే ప్రశ్న, ఎవరు ఎక్కువగా చేశారన్నది కాదు. ఇంగ్లీషు వ్యాకరణం మాటల్లో చెబితే, ఇక్కడ ఉండవలసినది 'వెల్'నుంచి పుట్టిన 'బెస్ట్' గాని, 'మచ్'నుంచి పుట్టిన 'మోస్ట్' కాదు. హిజ్రీ 187లో మరణించిన ఫుజైల్ బిన్ ఇయాజ్ ఈ 'అహ్‌సన్'కు అర్థం చెబుతూ మరి రెండు తఫ్జీల్ మాటలు వాడారని ప్రసిద్ధి. ఒకటి 'అఖ్‌లస్', అనగా మిక్కిలి నిష్కల్మషంగా. రెండవది 'అస్వబ్', అనగా మిక్కిలి సరిగా. పని అల్లాహ్ కోసమే జరగాలన్నది మొదటి షరతు. ప్రవక్త (స) చూపిన పద్ధతిలో జరగాలన్నది రెండవ షరతు. రెండూ పని ఎలా జరిగిందనే ప్రశ్నకే జవాబులు.

తెలుగులో ఈ ఆయతు భావాన్ని 'మీలో మంచి పనులు చేసేవారెవరో' అని చెప్పితే రెండు నష్టాలు కలుగుతాయి. మొదటిది, తారతమ్యం పోయి పాజిటివ్ మెట్టు మిగులుతుంది. పోటీ లేకుండా పోతుంది. రెండవది, క్రియావిశేషణం పోయి విశేషణం వస్తుంది. మంచి పనిని చేయటం వేరు, పనిని మంచిగా చేయటం వేరు. దానం మంచి పనే. కాని పదిమంది చూడాలని చేసిన దానం మంచిగా చేసిన పని కాదు. 'మీలో ఎవరు అందరికంటె మేలుగా ఆచరిస్తారో' అంటే రెండూ నిలుస్తాయి.

హదీసులోను ఇదే దృష్టి కనబడుతుంది. అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైన ఆచరణ, కొద్దిదైనా సరే, మిక్కిలి నిలకడగా సాగేదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అందులో 'అద్వమ్' అనే తఫ్జీల్ మాట వచ్చింది. పరిమాణంలో 'లిటిల్' అయినా, తీరులో 'మోస్ట్ రెగ్యులర్లీ' అయిన పని పై మెట్టుకు చేరింది. ఒక వ్యక్తి తొందర తొందరగా నమాజు ముగించి వస్తే, ప్రవక్త (స) అతనిని మూడుసార్లు వెనక్కు పంపి మళ్లీ చేయించారని, తరువాత ప్రతి భంగిమలోను నిలకడగా ఉండాలని నేర్పారని ఆ గ్రంథాలలోనే ఉంది. అతడు నమాజు మాని రాలేదు. లోపం క్రియలో కాదు, క్రియ తీరులో ఉంది.

అభ్యాసం

విద్యార్థి వాక్యం రాసేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పోలిక వస్తువుకా, పనికా? ఇద్దరి మధ్యనా, అందరిలోనా? ఏ విషయంలో? మొదటి ప్రశ్న విశేషణాన్ని, క్రియావిశేషణాన్ని విడదీస్తుంది. రెండవది మెట్టును నిర్ణయిస్తుంది. మూడవది మాటను ఎంచిపెడుతుంది.

ఉదాహరణలు పరిచయమైన జీవితంనుంచే తీసుకోవటం మంచిది. కడపనుంచి దూరాలు చూడండి. పెండ్లిమర్రికి వెళ్లే బస్సు దూరం పోతుంది: 'ఫార్'. వేంపల్లెకు వెళ్లే బస్సు అంతకంటె దూరం పోతుంది: 'ఫార్దర్'. పులివెందులకు వెళ్లేది ఆ మూడింటిలో ఎక్కువ దూరం పోతుంది: 'ఫార్దెస్ట్'. ప్రొద్దుటూరు బంగారు అంగడిలో ఇద్దరు తూచారు. ఒకడు రెండవవానికంటె వేగంగా తూచాడు: 'ఫాస్టర్'. రెండవవాడు మొదటివానికంటె జాగ్రత్తగా తూచాడు: 'మోర్ కేర్‌ఫుల్లీ'. ఎవరు మేలుగా తూచారు, 'బెటర్' అనిపించుకోదగినవాడెవడు అని విద్యార్థిని అడగాలి. జవాబు చెప్పటానికి వ్యాకరణం ఒక్కటే చాలదు.

తజ్వీదు పాఠం దీనికి ఇంకా చక్కని పనిముట్టు. ఖిరాఅతుకు తజ్వీదు గ్రంథాలు మూడు వేగాలు చెప్పాయి. తహ్‌ఖీఖ్ అన్నిటికంటె నిదానమైనది, తద్వీర్ నడిమిది, హద్ర్ అన్నిటికంటె వేగమైనది. మూడింటిలోను అక్షరాల హక్కు చెడరాదు. 'ఖాలిద్ ఇమ్రాన్ కంటె నిదానంగా చదువుతాడు', 'తరగతిలో అందరికంటె వేగంగా యూసుఫ్ చదువుతాడు', 'అందరికంటె సరిగా బషీర్ చదువుతాడు' అనే మూడు వాక్యాలను ఇంగ్లీషులో పెట్టమనవచ్చు. మొదటిదానిలో 'మోర్ స్లోలీ దాన్', రెండవదానిలో 'ఫాస్టెస్ట్', మూడవదానిలో 'మోస్ట్ కరెక్ట్లీ' రావాలి. ఆ తరువాత అవే వాక్యాలను అరబీలోకి మార్చమంటే, ఎక్కడ 'మిన్' రావాలో, ఎక్కడ తమ్‌యీజ్ రావాలో విద్యార్థికి తెలిసివస్తుంది.

ఇటువంటి అభ్యాసం వారానికి ఒక గంటసేపు జరిగినా ప్రయోజనముంటుంది. 'మోర్ ఫాస్టర్' వంటి తప్పులు తొలగుతాయి. అంతకంటె ముఖ్యంగా, రేపు ఖుర్ఆన్ భావాన్ని తెలుగులో చెప్పవలసిన యువకుడు 'అహ్‌సన్' దగ్గర ఆగి, ఇది బాగానా, ఇంకా బాగానా, అందరికంటె బాగానా అని ఆలోచిస్తాడు. మద్రసాలలో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులు ఇస్మె తఫ్జీల్ పాఠాన్ని, ఇంగ్లీషు డిగ్రీల పాఠాన్ని ఒకే వారంలో పక్కపక్కన చెప్పటం మంచిది. అప్పుడు ఒక భాషలో నేర్చినది రెండవ భాషకు అడ్డు కాక, మెట్టు అవుతుంది.